యూనిఫాంలో ఉంటూనే విమాన ఇంజనీరింగ్ డిగ్రీ: గోదావరి జిల్లాల ఆఫీసర్లు ఎలా చదవాలి

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని ఇప్పటికీ అందరూ మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. తాత, తండ్రి, కొడుకు వరసగా యూనిఫాం వేసుకున్న ఇళ్లు ఆ ఊళ్లో ఉన్నాయి. గోదావరి జిల్లాలకు సైన్యం కొత్త కాదు. ఈ మధ్య మన పిల్లలు ఆఫీసర్లుగా కూడా బాగానే వెళ్తున్నారు. వాళ్లలో చాలామంది సెలవుకి వచ్చినప్పుడు అడిగే ప్రశ్న ఒకటే: "ఉద్యోగం చేస్తూ ఏరోస్పేస్‌లో డిగ్రీ చదవొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

చదవొచ్చు. కాకపోతే బయటి విద్యార్థి వెళ్లే వరసలో వెళ్తే కుదరదు. బయటివాళ్లు ముందు సబ్జెక్టు ఎంచుకుంటారు, తర్వాత కాలేజీ చూసుకుంటారు, కాగితాల పని ఆఖర్న. యూనిఫాంలో ఉన్నవారికి ముందు అనుమతి, తర్వాత ఆ డిగ్రీకి ఉన్న గుర్తింపు, ఆ తర్వాతే సబ్జెక్టు. ఈ వరస తప్పితే ఫీజు కట్టాక, రెండు సెమిస్టర్లు చదివాక చిక్కుల్లో పడతారు.

ముందుగా: మీకు కావాల్సింది ఏ చదువు?

ఏరోనాటికల్ అనగానే "పైలట్టేగా?" అనేస్తారు మనవైపు. విమానం చుట్టూ మూడు వేరు వేరు దారులున్నాయి. పైలట్ శిక్షణ ఒకటి. విమానం ఎందుకు ఎగురుతుంది, రెక్క ఎంత బరువు మోస్తుంది, ఇంజిన్ ఎలా పనిచేస్తుంది అనే శాస్త్రాన్ని నేర్పే బీటెక్, ఎంటెక్ రెండోది. మూడోది ఏఎంఈ, అంటే విమాన మరమ్మతు ఇంజనీర్ లైసెన్సు. పౌర విమానానికి మరమ్మతు అయ్యాక "ఇది ఎగరడానికి సిద్ధం" అని సంతకం పెట్టే హక్కు ఆ లైసెన్సుతో వస్తుంది. దాన్ని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇస్తుంది. సీఏఆర్-66 నిబంధనల ప్రకారం మాడ్యూళ్ల వారీగా పరీక్షలుంటాయి. ఒక్కో దాంట్లో 75 శాతం వస్తేనే పాస్.

ఎంటెక్ చేసినంత మాత్రాన ఆ సంతకం పెట్టే హక్కు రాదు. ఆ లైసెన్సు ఉన్నంత మాత్రాన డిజైన్ ఆఫీసులో ఎంటెక్ అడిగే ఉద్యోగమూ రాదు. రిటైరయ్యాక ఏదైనా ఎయిర్‌లైన్ మెయింటెనెన్స్‌లోకి వెళ్లాలని మీ ఆలోచన అయితే డిగ్రీ కన్నా లైసెన్సు మీద దృష్టి పెట్టడం మంచిది. డిజైన్, పరిశోధన, ఫ్లైట్ టెస్టింగ్ వైపు మనసుంటే డిగ్రీయే దారి. తేజస్ కార్యక్రమాన్ని నడిపించిన కోట హరినారాయణ గారు బెంగళూరు విజ్ఞాన సంస్థ ఐఐఎస్‌సీలో మాస్టర్స్, ఐఐటీ బొంబాయిలో పీహెచ్‌డీ చేసి ఆ పనిలోకి వచ్చారు. 2001 జనవరి 4న ఆ విమానం మొదటిసారి ఎగిరే వేళకు ఆ చదువు వెనక ఎన్నో ఏళ్ల పని కూడా చేరింది.

ఏవియేషన్ మేనేజ్‌మెంట్ ఎంబీఏ గురించి కూడా అడుగుతుంటారు. మంచి కోర్సే. కానీ అది టెక్నాలజీ డిగ్రీ కాదు. ఇంజిన్ విప్పి చూస్తే సంతోషపడేవారు తేలిగ్గా దొరుకుతుందని దాంట్లో చేరితే తర్వాత వెలితిగానే ఉంటుంది.

రెండోది: మీ ముందున్న తలుపులు

ఇంకా కమిషన్, అంటే ఆఫీసర్ హోదా, రాని తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రెండు మాటలు. ఇంటర్ ఎంపీసీ తర్వాత ఎన్‌డీఏ, అంటే జాతీయ రక్షణ అకాడమీ ఉంది. నేవీలో 10+2 బీటెక్ ఎంట్రీ ఉంది. దానికి జేఈఈ మెయిన్ ర్యాంకు చూసి ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూ అయిన ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు. ఎంపికైతే కేరళలోని ఎజిమల అకాడమీలో నాలుగేళ్ల బీటెక్ చదివిస్తారు. ఆర్మీలో టెక్నికల్ ఎంట్రీ స్కీమ్ ఉంది. వీటిలో వచ్చే డిగ్రీ జేఎన్‌యూ ఇచ్చేది. నేవీ బీటెక్ ఎంట్రీలో, ఆర్మీ టెక్నికల్ ఎంట్రీలో ఇంట్లో పైసా ఖర్చు లేకుండా ఇంజనీరింగ్ అయిపోతుంది. బీటెక్ పూర్తయినవారికి వైమానిక దళంలో ఏఎఫ్‌క్యాట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా టెక్నికల్ శాఖ ఉంది. దుండిగల్ అకాడమీలో, బెంగళూరు జాలహళ్లిలోని ఎయిర్‌ఫోర్స్ టెక్నికల్ కాలేజీలో శిక్షణ ఇస్తారు. ఇంటర్లో లెక్కలు, ఫిజిక్స్ మార్కులు కూడా చూస్తారు కాబట్టి ఇంటర్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇక ఇప్పటికే భుజం మీద నక్షత్రమో, చారో ఉన్నవారి సంగతి. మీకు మూడు తలుపులున్నాయి.

ఒకటి, సర్వీసే మిమ్మల్ని ఎంటెక్‌కి పంపడం. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఏరోనాటికల్ విభాగం 1942 నుంచి ఉంది. కాన్పూర్, బొంబాయి, మద్రాస్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో ఏరోస్పేస్ విభాగాలున్నాయి. పుణె గిరినగర్‌లోని డయాట్, అంటే రక్షణ శాఖ వారి ఉన్నత సాంకేతిక విద్యా సంస్థ, మూడు దళాల ఆఫీసర్లకూ బాగా తెలిసిందే. ఈ దారిలో జీతం ఆగదు, చదువే మీ డ్యూటీ. బదులుగా కోర్సు అయ్యాక కొన్నేళ్లు సర్వీసులో ఉండాలన్న షరతు ఉంటుంది.

రెండు, స్టడీ లీవ్. చదువు మీరు ఎంచుకున్నది, సెలవు సర్వీసు ఇచ్చేది. ఇక్కడా బాండ్ ఉంటుంది.

మూడు, సొంత సమయంలో చదువు. పార్ట్ టైం, ఆన్‌లైన్ ఎంటెక్‌లు, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలైన ఎన్‌పీటెల్ కోర్సులు దీని కిందికి వస్తాయి.

ఒకటో తలుపు కోసం రెండేళ్లు ఆగాల్సి వచ్చినా ముందు దానికే ప్రయత్నించమని నా గట్టి సలహా. ఆఫీసర్ జీవితంలో దొరకనిది డబ్బు కాదు, అంతరాయం లేని సమయం. ఆ సమయాన్ని సర్వీసే మీ చేతికిస్తోంది. ఎంత సీనియారిటీ ఉండాలి, ఏ శాఖవారికి ఎన్ని సీట్లు అనేది ఆ ఏడాది వచ్చే పాలసీ లెటర్లో ఉంటుంది. సీనియర్ చెప్పిన పాత లెక్క మీద ఆధారపడకుండా ఆ లెటర్ తెప్పించుకుని మీరే చదవండి. షార్ట్ సర్వీస్ వారు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. వైమానిక దళ టెక్నికల్ శాఖలో షార్ట్ సర్వీస్ 10 ఏళ్లు, ఆపై 4 ఏళ్ల వరకు పొడిగింపుకు వీలుంటుంది. కోర్సు కాలం, బాండ్ కాలం కలిపి మీకు మిగిలిన సర్వీసులో ఇమడకపోతే మూడో తలుపే మీకు సరైనది. అందులో చిన్నతనం ఏమీ లేదు.

మూడోది: అనుమతి కాగితం

దరఖాస్తు రాసే ముందు మీ కమాండింగ్ ఆఫీసర్‌తో ఐదు నిమిషాలు మాట్లాడండి. ఏం చదవాలనుకుంటున్నారో, దానివల్ల యూనిట్‌కి ఏ పని బాగా చేయగలుగుతారో చెప్పండి. ఆ మాట అయ్యాకే కాగితం కదలాలి. ముందే కాగితం పెట్టేసి తర్వాత మాట్లాడితే మాట బరువు తగ్గిపోతుంది.

దరఖాస్తులో ఉండాల్సినవి: కోర్సు పూర్తి పేరు, విశ్వవిద్యాలయం, రెగ్యులరా పార్ట్ టైమా ఆన్‌లైనా అన్నది, కాలపరిమితి, పరీక్షలు ఏ నెలల్లో ఉంటాయి, ల్యాబ్‌కో కాంటాక్ట్ క్లాసులకో ఎన్నిసార్లు వెళ్లాలి, ఫీజు ఎవరు కడతారు. "డ్యూటీకి ఆటంకం కలగనివ్వను, కోర్సు పేరుతో పోస్టింగ్ కోరను" అనే హామీ కూడా సాధారణంగా అడుగుతారు. పరీక్ష నెలల్ని రాయడం చాలామంది మర్చిపోతారు. అదే అన్నిటికన్నా ముఖ్యం. మీ యూనిట్ ఎక్సర్‌సైజు, మీ సెమిస్టర్ పరీక్ష ఒకే నెలలో పడతాయేమో యూనిట్ పాలన పనులు చూసే అడ్జుటెంట్ ఆ ఒక్క లైను చూసే చెప్పగలరు.

అనుమతి రాతపూర్వకంగా చేతికి వచ్చేదాకా ఫీజు కట్టొద్దు. "కట్టెయ్, నేను చూసుకుంటాను" అన్న నోటిమాట ఆ మాట అన్న పెద్దాయనకు పోస్టింగ్ వస్తే ఆయనతోపాటే వెళ్లిపోతుంది. విదేశీ విశ్వవిద్యాలయమైతే ఇంకా జాగ్రత్త అవసరం. వాళ్లకి నేరుగా మెయిల్ పెట్టి మీ ఉద్యోగ వివరాలు రాయడానికి ముందే పై నుంచి అనుమతి ఉండాలి.

ఒక సెమిస్టర్ మధ్యలో పోస్టింగ్ వస్తే ఏమవుతుందో చేరే ముందే విశ్వవిద్యాలయాన్ని అడగండి. సెమిస్టర్ విరామం ఇస్తారా, పరీక్షా కేంద్రం మారుస్తారా, కోర్సు పూర్తి చేయడానికి గరిష్ఠంగా ఎన్నేళ్లు ఇస్తారు? ఈ మూడింటికీ జవాబు మెయిల్లో తీసుకోండి.

నాలుగోది: డిగ్రీకి విలువ ఉందా?

దూరవిద్యలో బీటెక్ అని ఎవరైనా చెబితే అక్కడే ఆగిపోండి. 2017 నవంబరులో సుప్రీంకోర్టు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్య పద్ధతిలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద గట్టి తీర్పు ఇచ్చింది. ఎంతోమంది ఉద్యోగుల డిగ్రీలు ఒక్కసారిగా ప్రశ్నార్థకమయ్యాయి. వాళ్లంతా కష్టపడి చదివినవాళ్లే.

ఏరోనాటికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 1948 నుంచి ఉన్న గౌరవప్రదమైన సంస్థ. దాని అసోసియేట్ మెంబర్‌షిప్ పరీక్ష రాసి పైకొచ్చినవారు మన రక్షణ సంస్థల్లో ఎందరో. అయితే ఇలాంటి వృత్తి సంస్థల పరీక్షలను డిగ్రీతో సమానంగా చూసే విషయంలో 2013 తర్వాత చేరినవారికి నియమాలు మారాయి. కాబట్టి చేరే ముందు ఇవాళ అమల్లో ఉన్న ఉత్తర్వు కాపీ చూడండి. కోర్సు రెగ్యులరైతే ఏఐసీటీఈ ఆమోదం, ఆన్‌లైన్ అయితే ఆ కోర్సుకు ఆ ఏడాదికి యూజీసీ అనుమతి ఉన్నాయా అన్నది వాళ్ల వెబ్‌సైట్లలో మీ కళ్లతో చూసుకోండి. కాలేజీ కరపత్రం మీద ఉన్న ముద్ర చాలదు. ఆ పేజీని చూసిన తేదీతో ప్రింట్ తీసి మీ ఫైల్లో పెట్టుకోండి.

ఐదోది: అసలు చదువు

ఉద్యోగంలో నాలుగైదేళ్లు గడిచాక మళ్లీ పుస్తకం పట్టుకుంటే మొదట భయపెట్టేది లెక్కలు. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, మాట్రిక్సులు ఎక్కడో మెదడు మూలకి వెళ్లిపోయి ఉంటాయి. టెన్షన్ పడకండి, కొంచెం రుద్దితే తిరిగి వస్తాయి. కానీ లెక్కలన్నీ ముందు పూర్తి చేసి తర్వాత ఏరోడైనమిక్స్ మొదలుపెడదామనుకుంటే లెక్కల దగ్గరే ఆగిపోతారు. రెండూ కలిపి నడపండి. విమానం కనిపిస్తుంటేనే లెక్క మీద ఓపిక ఉంటుంది.

మొదటి పాఠంగా ప్రామాణిక వాతావరణాన్ని పట్టుకోండి. సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీల ఉష్ణోగ్రత, 1013.25 హెక్టోపాస్కల్స్ ఒత్తిడి, ఘనపు మీటరుకు 1.225 కిలోల గాలి. పైకి వెళ్తుంటే కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతూ 11 కిలోమీటర్ల దగ్గర మైనస్ 56.5 అవుతుంది. బట్టీ పట్టి వదిలేయకుండా దాన్ని మన ఊరికి తెచ్చుకోండి. రోహిణి కార్తెలో రాజమండ్రిలో 45 డిగ్రీలు కాసిన రోజు గాలి సాంద్రత ఎంత? ఒత్తిడి అదే అనుకుని, 1,01,325 పాస్కల్స్‌ని గాలి వాయు స్థిరాంకం 287.05 తోనూ, 45 డిగ్రీలకు సమానమైన 318.15 కెల్విన్ తోనూ భాగించండి. 1.11 వస్తుంది. అంటే గాలి సుమారు 9 శాతం పల్చబడింది. అదే రెక్క, అదే బరువు. విమానం లేవాలంటే అసలు వేగం దాదాపు 5 శాతం ఎక్కువ కావాలి. వేగం వర్గంతో దూరం పెరుగుతుంది కాబట్టి త్వరణం మారకపోయినా రన్‌వే మీద పరుగు 10 శాతం పెరిగింది. నిజానికి వేడికి ఇంజిన్ బలం కూడా తగ్గుతుంది, అంచేత పరుగు ఇంకా పెరుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం మీ స్టేషన్లో బరువు తగ్గించి ఎందుకు ఎగురుతారో ఈ ఒక్క లెక్క చెబుతుంది. ఇలాంటివి వారానికి ఒకటి సొంతంగా తయారు చేసుకుని కాగితం మీద చేయండి.

ప్రవాహాల పాఠానికి మన కాలువల కన్నా మంచి ల్యాబ్ లేదు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ ఏదైనా సరే, వంతెన కింద ఇరుకైన చోట నిలబడి చూడండి. కాలువ వెడల్పుగా ఉన్నచోట గుర్రపుడెక్క ఆకు నెమ్మదిగా వస్తుంది, ఇరుకు దగ్గరికి రాగానే లాగేసినట్టు పరుగెడుతుంది. దారి ఇరుకైతే వేగం పెరుగుతుంది: కంటిన్యుటీ సూత్రం అంటే ఇదే. తక్కువ వేగంలో గాలి కూడా ఇలాగే నడుచుకుంటుంది. ధ్వని వేగంలో మూడో వంతు దాటేసరికి గాలి సాంద్రత మారడం లెక్కలోకి వస్తుంది. ధ్వని వేగం దాటాక కథ పూర్తిగా తిరగబడుతుంది: దారి వెడల్పైతేనే గాలి ఇంకా వేగం పుంజుకుంటుంది. రాకెట్ నాజిల్ మొదట సన్నబడి తర్వాత గంటలా విచ్చుకునేది అందుకే. కాలువ ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ వదిలేయాలో తెలిస్తే గ్యాస్ డైనమిక్స్‌లో సగం బెరుకు పోతుంది.

ఇంజిన్ల పాఠానికి రాజమండ్రి మధురపూడి విమానాశ్రయం వెళ్లినప్పుడు ఏటీఆర్ 72 అనే ప్రొపెల్లర్ విమానాన్ని గమనించండి. నేల మీద నిలబడి ఉండగా ఒక్కోసారి కుడివైపు ఇంజిన్ మోగుతూనే ఉంటుంది, దాని ప్రొపెల్లర్ మాత్రం కదలదు. ఆ విమానంలో చాలా విమానాలకు తోకలో ఉండే సహాయక ఇంజిన్ లేదు. కరెంటు, చల్లగాలి కోసం ఆ కుడి ఇంజిన్నే వాడుకుంటూ ప్రొపెల్లర్‌కి బ్రేకు వేసి ఉంచుతారు. ఇంజిన్ తిరుగుతుంటే ప్రొపెల్లర్ ఆగి ఎలా ఉంటుంది? ఎందుకంటే ప్రొపెల్లర్‌ని తిప్పే పవర్ టర్బైన్‌కీ, కంప్రెసర్లకీ మధ్య ఇనుప ఇరుసు కలయిక లేదు. వాటి మధ్య ఉన్నది వేడి వాయువు మాత్రమే. ఫ్రీ టర్బైన్ అనే పాఠం పుస్తకంలో మూడు పేజీలుంటుంది, ఈ ఒక్క దృశ్యంతో అది బుర్రలో పాతుకుపోతుంది. ఎయిర్‌పోర్టులో ఫొటోలు తీయడానికి నియమాలున్నాయి. మీరు ఆఫీసర్ కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండండి, కళ్లతో చూస్తే చాలు.

ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాయాల్సిన అవసరం లేకపోయినా ఏరోస్పేస్ గేట్ సిలబస్‌ని మీ పట్టికగా పెట్టుకోండి. ఇంజనీరింగ్ లెక్కలు, ఫ్లైట్ మెకానిక్స్, స్పేస్ డైనమిక్స్, ఏరోడైనమిక్స్, స్ట్రక్చర్స్, ప్రొపల్షన్, అన్నీ అందులో ఉన్నాయి. ఎంత చదవాలో, ఎక్కడ ఆపాలో చెప్పే గట్టు అది. రాస్తే 3 గంటల పరీక్ష, 65 ప్రశ్నలు, 100 మార్కులు, స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. ఆప్షన్లు లేకుండా అంకె మాత్రం టైపు చేసే ప్రశ్నలకు తప్పైనా మార్కు పోదు, వాటిని ఖాళీగా వదలొద్దు. పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. కాకినాడ, రాజమండ్రి కూడా పరీక్షా కేంద్రాలే కాబట్టి ఇంటికి వచ్చే సెలవుని దానికి ముందు వారానికి కుదుర్చుకోవచ్చు.

సమయం దొరికేదెలా

రోజూ సాయంత్రం రెండు గంటలు అని గీసుకున్న టైంటేబుల్ యూనిట్‌లో వారం కూడా నిలవదు. రాత్రి ఫ్లయింగ్ ఉంటుంది, ఇన్‌స్పెక్షన్ వస్తుంది, ఉన్నట్టుండి డిటాచ్‌మెంట్‌కి పంపుతారు. కాబట్టి గంటల లెక్క కాకుండా పని లెక్క పెట్టుకోండి: ఈ వారం రెండు లెక్కలు, ఒక ఉపన్యాసం, ఒక పేజీ సొంత మాటల్లో నోట్స్. ఆదివారం లోపు ఎప్పుడు అయినా సరే. వీడియో పాఠాలు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేని చోట పనికొస్తాయి.

పెద్ద సెలవు గురించి ఒక మాట. ఆఫీసర్లకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 20 రోజుల క్యాజువల్ లీవ్ ఉంటాయి కదా, ఇంటికెళ్లి చదువుకుందాం అనుకుంటారు. సంక్రాంతి మూడు రోజుల్లో పుస్తకం తీయడానికి ప్రయత్నించొద్దు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఊరంతా వెళ్తుంటే మీరు గదిలో కూర్చుంటే చదువూ సాగదు, ఇంట్లోవాళ్ల మనసూ బాగుండదు. "ఏంట్రా అబ్బాయ్, ఇక్కడికొచ్చి కూడా పుస్తకాలేనా" అని అమ్మ అనడంలో న్యాయం ఉంది. పండగ పండగలా చేసుకోండి. తర్వాత ముక్కనుమ నుంచి తెల్లవారుజామున చదువు మొదలుపెట్టండి, మధ్యాహ్న భోజనం దాకా మిమ్మల్ని పిలవొద్దని ముందే చెప్పండి. పెళ్లైనవారైతే ఈ మాట భార్యతోనో భర్తతోనో కోర్సులో చేరకముందే మాట్లాడుకోవాలి. రెండేళ్ల పాటు ఇంటి పని, పిల్లల పని మరొకరి మీద ఎక్కువ పడుతుంది. వాళ్ల ఒప్పుదల కూడా అనుమతి కాగితమంత అవసరం.

రెండు నోటుపుస్తకాలు

ఈ వ్యాసంలో ఏది మర్చిపోయినా దీన్ని మర్చిపోవద్దు. హ్యాంగర్‌లో మీరు చూసే విమానం మీకు దొరికిన గొప్ప ల్యాబ్. బయటి విద్యార్థికి పటంలో కనిపించేది మీ చేతికి తగులుతుంది. కానీ ఆ విమానం మాన్యువల్, లోపాల రిజిస్టరు, ఎంత ఎత్తున ఎంత వేగం అన్న అంకెలు మీ సొంతం కావు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం మీకు వర్తిస్తుంది. అందుకే రెండు నోటుపుస్తకాలు పెట్టుకోండి. డ్యూటీది ఆఫీసులోనే ఉంటుంది, గేటు దాటదు. చదువుది పూర్తిగా బయట దొరికే సమాచారంతోనే నింపాలి. డ్యూటీలో ఒక పగులు చూసి ప్రశ్న పుడితే ప్రశ్నను మాత్రం మనసులో పెట్టుకుని ఇంటికి రండి, జవాబును బహిరంగ పుస్తకాల్లో వెతకండి. మాన్యువల్ పేజీని ఫోన్లో ఫొటో తీయడం, క్లాసు వాట్సాప్ గ్రూపులో యూనిట్ సంగతులు రాయడం, అసైన్‌మెంట్ సాయం కోసం ఆన్‌లైన్ ఏఐ టూల్‌లో ఆఫీసు పత్రం అతికించడం, మూడూ ఒకటే నేరం. తెలిసి చేసినా తెలియక చేసినా ఉద్యోగం మీదికి వస్తుంది.

ప్రాజెక్టు ఎలా ఎంచుకోవాలి

పై నియమం వల్ల ప్రాజెక్టుకి ఏమీ మిగలదని దిగులు పడతారు. మిగులుతుంది, చాలానే.

ఇంజిన్ ఆరోగ్యాన్ని ముందే పసిగట్టడం మీకు ఇష్టమైతే టర్బోఫ్యాన్ ఇంజిన్లు క్రమంగా అరగడాన్ని చూపే సిమ్యులేషన్ డేటాను నాసా అందరికీ అందుబాటులో పెట్టింది. సీమ్యాప్స్ అంటారు. మీ యూనిట్ రికార్డు ఒక్క అంకె కూడా ముట్టకుండా మంచి థీసిస్ వస్తుంది.

నాకు మాత్రం మన డెల్టా నుంచే పుట్టే రెండు విషయాల మీద ఎక్కువ ఆశ ఉంది. ఒకటి ఉప్పు గాలి. అంతర్వేదిలోనో ఓడలరేవులోనో ఇంటి కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో మీరు చిన్నప్పటి నుంచి చూశారు. అదే గాలి సముద్రం పక్కనున్న ఎయిర్‌బేస్‌లలో అల్యూమినియం మీద పనిచేస్తుంది. అక్కడ ఎర్ర తుప్పు కనపడదు. రివెట్ తల చుట్టూ పెయింటు చిన్న బుడగలా లేస్తుంది. దాన్ని గీకితే కింద తెల్లని పొడి ఉంటుంది. ఆ పొడి ఒకప్పుడు విమానం ఒంటిలోని లోహమే. బజార్లో దొరికే అల్యూమినియం మిశ్రమ రేకుల ముక్కలు, రెండు మూడు రకాల పూతలు, తీరాన ఒకటి, ఇరవై కిలోమీటర్లు లోపల ఒకటి స్టాండు, నెలనెలా తూకం. ఖర్చు తక్కువ, ఫలితం నిజమైనది.

రెండోది వరి పొలాల మీద మందు కొట్టే డ్రోన్. కింద నుంచి రోటర్లు తోసే గాలి మందు బిందువుల్ని ఆకు మీదికి దింపుతుందా, పక్క చేపల చెరువులోకి తోసేస్తుందా? రొయ్యల చెరువులు పొలాల గట్టు పక్కనే ఉన్న భీమవరం వైపు ఇది రైతుకి డబ్బు ప్రశ్న. ఏ ఎత్తున, ఎంత వేగంతో ఎగిరితే మందు పక్కకు పోకుండా ఉంటుందో కొలిస్తే ఏరోడైనమిక్స్, రైతు లాభం రెండూ ఒకే థీసిస్‌లో దొరుకుతాయి. 2021 డ్రోన్ నియమాలు చదివి మొదలుపెట్టండి. 2 నుంచి 25 కిలోల మధ్య ఉన్న డ్రోన్ చిన్న తరగతి కిందికి వస్తుంది, దాన్ని నడిపేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. మధురపూడికి దగ్గర్లో ఎత్తు పరిమితులు వేరు. సర్టిఫికెట్ ఉన్న ఆపరేటర్‌తో కలిసి పనిచేస్తే కొలతల మీద మీ దృష్టి నిలుస్తుంది.

ఏ అంశమైనా సరే, గైడ్‌కి ఇచ్చే ముందు ఒక పేజీ సారాంశం మీ యూనిట్‌కి చూపించండి. థీసిస్, పేపర్ ప్రచురణకు ముందు సెక్యూరిటీ క్లియరెన్సు తీసుకోవాలి, దానికి నెలలు పడుతుంది. సబ్మిషన్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి పంపండి.

డిగ్రీ చేతికి వచ్చాక

పట్టా వచ్చిందని ఇంట్లో అందరికీ చెప్పి సర్వీసు రికార్డులో ఎక్కించడం మర్చిపోయేవాళ్లున్నారు. రికార్డులో లేని డిగ్రీ పోస్టింగ్‌కీ, ఎంపిక బోర్డుకీ కనపడదు. వైమానిక దళంలో పీఓఆర్, ఆర్మీలో పార్ట్ టూ ఆర్డర్ అనే రికార్డు పత్రం ద్వారా అది నమోదవుతుంది. మార్కుల జాబితా, ప్రొవిజనల్ సర్టిఫికెట్, మొదట్లో తీసుకున్న అనుమతి కాగితం, మూడూ కలిపి ఇవ్వండి. నమోదైన నంబరు అడిగి మీ జిరాక్స్ కాపీ వెనక రాసుకోండి.

ఒరిజినల్స్ సంగతి కూడా చూసుకోండి. పోస్టింగులు తిరగలేక చాలామంది వాటిని ఊళ్లో అమ్మ బీరువాలో పెడతారు. లంక గ్రామాల్లో వరద వస్తే మొదట తడిసేవి బీరువా అడుగు అరలోని కాగితాలే. ల్యామినేషన్ చేయించకుండా జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి పై అరకి మార్చండి. విశ్వవిద్యాలయం డిజిలాకర్‌లో పట్టాను పెట్టిందో లేదో చూసుకుని, పెట్టకపోతే పరీక్షల విభాగానికి మెయిల్ రాయండి.